ఆ నాలుగు మాటలు ముందు వెనక్కి తీసుకోండి

ప్రశ్న: నా వయసు 46. మాకు ఒక్కడే బాబు, వాడికి పదకొండేళ్లు. నా చిన్నప్పుడు బడి వదలగానే పుస్తకాల సంచి ఇంట్లో గిరాటేసి వెళ్తే చీకటి పడ్డాకే తిరిగి రావడం. ఎక్కడున్నావని అడిగినవాళ్లు లేరు. చెట్లెక్కాం, ఎవరూ నేర్పకుండానే ఈత నేర్చుకున్నాం, దెబ్బ తగిలితే దులుపుకుని మళ్లీ ఆడాం. మావాడికి ఇవేమీ లేవు. స్కూలు, ట్యూషన్, ఫోను. కిందికి దిగి ఆడుకోవాలన్నా ఎక్కడున్నాడో చూపించే వాచీ చేతికుండాలి. పావుగంటకోసారి వాళ్లమ్మ ఫోన్ చేస్తూనే ఉంటుంది. వాడికి ఆరేళ్లప్పుడు సైకిల్ మీంచి పడి చెయ్యి విరిగింది, అప్పట్నుంచీ ఆవిడకు భయం మరీ ఎక్కువైంది. (అప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. కంగారులో ఫోన్లో ఆవిడను నాలుగు మాటలన్నాను, అది వేరే సంగతి.) మా అమ్మ వచ్చినప్పుడల్లా ‘నలుగురిని పెంచాను, ఇంత హడావిడి ఎరగను’ అంటుంది. నా చిన్ననాటి సంగతులు చెప్పబోతే మా ఆవిడ ‘మీకేం, మీరు తిరిగారు’ అని లేచి వెళ్లిపోతుంది. వాడిచేత ఫోను మాన్పించి బయట ఆడించడం ఎలా? సెలవుల్లో క్యాంపులో చేర్పించమంటారా? మా ఆవిడ భయం పోవడానికి కౌన్సెలింగ్ ఏమైనా ఇప్పించాలా?

జవాబు: క్యాంపులో చేర్పించినా చేర్పించకపోయినా పెద్ద తేడా ఉండదు. అక్కడ విజిల్ వేసి ఆడించే పెద్దమనిషి మరొకరు ఉంటారు, అంతే. ఫోను గొడవ కూడా ఇప్పటికి పక్కన పెట్టండి. బయటికి వెళ్లే దారి మూసి ఉండగా చేతిలో ఉన్నది కూడా లాక్కుంటే వాడు గోడ చూస్తూ కూర్చుంటాడు. మీ ఆవిడకు కౌన్సెలింగ్ అన్నారు. దాని గురించే మాట్లాడతాను, అయితే మీరు అనుకున్న పద్ధతిలో కాదు.

పిల్లలు రోజులో కొంతసేపైనా పెద్దల కళ్లకు దూరంగా గడపాలన్న మీ మాట మాత్రం అక్షరాలా నిజం. ఆడుకోవడం పిల్లల హక్కు అని 1989లో ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలో 31వ అధికరణంగా రాసుకున్నారు. నార్వే పరిశోధకురాలు ఎలెన్ సాండ్‌సెటర్ పిల్లలు తమంతట తాము వెతుక్కునే సాహసపు ఆటలు ఆరు రకాలని చెప్పారు. ఎత్తులెక్కడం, వేగంగా దూసుకుపోవడం, పదునైన పనిముట్లు పట్టుకోవడం, నీరూ నిప్పూ లాంటివాటి దగ్గరికి వెళ్లడం, కలబడి దొర్లడం, పెద్దవాళ్లు లేకుండా తిరుగుతూ దారి తప్పడం. ఇలాంటివి ఆడిన పిల్లలు తమ భయాన్ని తామే కొలుచుకోవడం నేర్చుకుంటారని ఆమె వాదన. నా దగ్గరికి వచ్చే పిల్లల్ని చూస్తూ నేనూ అదే నమ్ముతున్నాను. పదిహేనేళ్లొచ్చినా పక్కవీధికి ఒంటరిగా వెళ్లమంటే అరచేతులు చెమర్చే పిల్లలున్నారు. తెలివైనవాళ్లే, మార్కులొచ్చేవాళ్లే. తన కాళ్ల మీద తనకు నమ్మకం కుదిరే అవకాశం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు. మీవాడు అలా కాకూడదని మీరు పడే తపన నాకు అర్థమవుతోంది.

కానీ ఈ మార్పు మీ ఆవిడ తెచ్చింది కాదు. ఇంగ్లండ్‌లో మేయర్ హిల్‌మన్ అనే పరిశోధకుడి బృందం 1971లో ఒకసారి, 1990లో మరోసారి లెక్క తీసింది. ఏడు, ఎనిమిదేళ్ల పిల్లల్లో పెద్దల తోడు లేకుండా బడికి వెళ్లేవాళ్లు 1971లో నూటికి 80 మంది. 1990 నాటికి 9 మంది. ఈ ఫోనులూ వాచీలూ ఏవీ లేని కాలమది. తల్లిదండ్రులు చెప్పిన ముఖ్యమైన కారణం రోడ్డు మీద వాహనాలు. ప్రమాదాల్లో పిల్లల మరణాలు ఆ ఏళ్లలో తగ్గాయి కానీ, అవి తగ్గింది రోడ్లు బాగుపడి కాదు, పిల్లల్ని రోడ్ల మీంచి తీసేసినందుకేనని హిల్‌మన్ వాదించాడు. ఇవాళ ప్రపంచం మొత్తమ్మీద 5 నుంచి 29 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు అన్నిటికంటే పెద్ద కారణం రోడ్డు ప్రమాదాలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మీ ఆవిడ పావుగంటకోసారి ఫోన్ చేయడం ఎక్కువే, ఒప్పుకుంటాను. ఆ భయానికి ఆధారం లేదని మాత్రం అనకండి.

మీరు ఈత నేర్చుకున్న రోజుల్లోనే ఎందరో పిల్లలు నీళ్లలో పడి పోయారు. వాళ్లకు 46 ఏళ్లు రాలేదు కాబట్టి ‘మా రోజుల్లో ఎంత బాగుండేది’ అని ఉత్తరం రాయలేరు. మీ తరగతిలో అలాంటి పిల్లాడు ఒక్కడైనా ఉండే ఉంటాడు, గుర్తు చేసుకోండి. మీ బాల్యం అబద్ధమని నేను అనడం లేదు. అందులో మీకు గుర్తున్నంత భాగమే మీరు చెబుతున్నారు.

ఇప్పుడు మీరు బ్రాకెట్లో పెట్టిన సంగతి దగ్గరికి వద్దాం. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తం ఆ రెండు వాక్యాలే.

ఆ నాలుగు మాటలేమిటో మీరు రాయలేదు. అలాంటి రోజున చాలా ఇళ్లలో వినపడే మాటలే అయ్యుంటాయి. ‘నువ్వేం చేస్తున్నావ్? ఒక్క పిల్లాణ్ణి చూసుకోలేవా?’ ఆ క్షణాన ఆవిడ పరిస్థితి ఒక్కసారి ఊహించండి. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు, చెయ్యి వంకర తిరిగి ఉంది, పక్కన మీరు లేరు. వాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది ఆవిడే. కాస్త ధైర్యం చెబుతారని మీకు ఫోన్ చేసింది. మీరు సంజాయిషీ అడిగారు. పిల్లాడి చెయ్యి కొన్ని వారాల్లో అతుక్కుంది. ఆవిడకు మాత్రం ఆ రోజు ఒక విషయం స్పష్టంగా అర్థమైంది: వీడికి ఏం జరిగినా ఈ ఇంట్లో అడిగేది నన్నే.

ఆ రోజు నుంచి ఆవిడ చేస్తున్నది ఆ ప్రశ్నకు ముందుగానే జవాబు సిద్ధం చేసుకోవడం. వాచీ కొన్నది అందుకు, పావుగంటకోసారి ఫోన్ చేసేది అందుకు. ఆవిడను కాపలాదారుగా పెట్టింది మీరు. ఇప్పుడు కాపలా ఎక్కువైందని నాకు ఉత్తరం రాస్తున్నదీ మీరే. ఇందులో న్యాయం లేదండీ. పిల్లాడికి స్వేచ్ఛ కావాలనుకునే తండ్రి, ఆ స్వేచ్ఛ వల్ల తగిలే దెబ్బలకు కూడా తను సిద్ధపడాలి. మెచ్చుకోలు మనకు, సంజాయిషీ భార్యకు అనే పంపకం ఎంత పాతదైనా నేను ఒప్పుకోను. ఎన్నో ఇళ్లలో ఆడవాళ్లను లోపల్లోపల తినేసేది ఇదే.

‘మీకేం, మీరు తిరిగారు’ అన్న మాటను మీరు ఎత్తిపొడుపుగా తీసుకున్నారు. నాకది దుఃఖంలా వినపడింది. మీరు బయట తిరిగిన గంటల్లో అదే వయసు ఆడపిల్లలు ఎక్కడున్నారో ఎప్పుడైనా ఆలోచించారా? హిల్‌మన్ లెక్కల్లోనూ ఆడపిల్లలకు దొరికిన స్వేచ్ఛ మగపిల్లల కంటే తక్కువే. మీ ఆవిడ సంచి గిరాటేసి వెళ్లగలిగిందో లేదో మీ ఉత్తరంలో లేదు. పెళ్లై ఇన్నేళ్లైనా బహుశా మీరు అడిగి ఉండరు. తనకెప్పుడూ దక్కని బాల్యాన్ని మీరు మళ్లీ మళ్లీ వర్ణిస్తుంటే, పైగా దాన్ని కొడుక్కి దక్కకుండా చేస్తున్నది నువ్వేనన్నట్టు చెబుతుంటే, ఆవిడ లేచి వెళ్లిపోక ఏం చేస్తుంది?

‘ఎక్కడున్నావని అడిగినవాళ్లు లేరు’ అని సంతోషంగా రాశారు. అడగకపోవడానికి కారణం ఉంది. మీరు ఎన్నింటికి వచ్చినా తలుపు తీసే మనిషి ఇంట్లో ఉంది. దారి పొడుగునా మిమ్మల్ని ఎరిగిన పెద్దవాళ్లున్నారు, మీరు గోడ దూకితే ఆ కబురు మీకంటే ముందు ఇల్లు చేరేది. బ్రిటన్‌కు చెందిన డొనాల్డ్ విన్నికాట్ అనే పిల్లల వైద్యుడు, మనోవిశ్లేషకుడు 1958లో రాసిన ఒక వ్యాసంలో, పిల్లలు ఒంటరిగా ఉండడాన్ని మొట్టమొదట తల్లి దగ్గరున్నప్పుడే నేర్చుకుంటారని చెప్పాడు. తల్లి ఉందన్న భరోసా లోపల నిలిచాకే బిడ్డ ఆమెను మరిచి తన లోకంలో పడగలుగుతాడు. మీ చిన్ననాటి స్వేచ్ఛ కింద మీ అమ్మగారి రోజులు పరిచి ఉన్నాయి. ఇవాళ అంతమంది కళ్లు చేసిన పని ఒక్క మనిషి ఉద్యోగం చేసుకుంటూనో, ఇంటి చాకిరీ చేసుకుంటూనో ఫోనులో చేయాల్సి వస్తోంది. ఎక్కువగా చేస్తోందంటే కారణం అదే.

ఇక చేయాల్సిన పని. ముందుగా మీ ఆవిడతో ఆ నాలుగు మాటల గురించి మాట్లాడండి. ‘కంగారులో అన్నాను’ అని మొదలుపెట్టకండి, అది సమర్థింపు అవుతుంది. ‘ఆ రోజు నిన్ను అలా అడగడం తప్పు, నీ స్థానంలో నేనున్నా వాడు పడేవాడే’ అని సూటిగా చెప్పండి. ఆవిడ వెంటనే కరిగిపోదు. అయిదేళ్లుగా మనసులో పెట్టుకున్నది కోపంగా బయటికి రావచ్చు, రానివ్వండి. మధ్యలో మీ పక్షం వినిపించకండి. తర్వాత ఇదే మాట మీ అబ్బాయి వింటుండగా కూడా అనండి. ఆరేళ్ల పిల్లాడికి ఆ రోజు గుర్తుండదనుకోవద్దు. తను పడితే అమ్మకు మాట పడుతుందని తెలిసిన పిల్లాడు చెట్టెక్కడు. మీవాడు ఫోనుకు అతుక్కోవడంలో ఇది కూడా ఉందేమో ఆలోచించండి.

ఆ తర్వాత వారంలో ఏవో రెండు సాయంత్రాలు మీవి అని తీసుకోండి. ఆఫీసు నుంచి త్వరగా రావడం కుదరకపోతే సెలవురోజు తీసుకోండి, కానీ తప్పకండి. ఆ సాయంత్రాల్లో వాడు బయటికి వెళ్తాడు, వాచీ ఇంట్లో ఉంటుంది, బాధ్యత మీది. ఎంతదూరం, ఎంతసేపు అన్నది ముగ్గురూ కూర్చుని తేల్చుకోండి. మొదటి గీత మీ ఆవిడ గీసిన చోటే ఉండనివ్వండి, అది మీకు మరీ దగ్గరగా అనిపించినా సరే. నెల గడిచాక వాడే ఇంకొంచెం దూరం అడుగుతాడు, అప్పుడు ఆవిడే ఒప్పుకునే అవకాశం ఎక్కువ. వాడు మోచెయ్యి గీక్కుపోయి వస్తే మీరు కడగండి, మీరు మందు రాయండి. ‘ఎలా పడ్డావ్’ అని వాణ్ణి అడగండి, ‘చూశావా’ అన్నట్టు ఆవిడ వైపు చూడకండి. పది నిమిషాలు ఆలస్యమైతే వీధి చివరిదాకా నడిచి చూసొచ్చేది కూడా మీరే. ఆ పది నిమిషాలు ఎలా ఉంటాయో మీకు తెలియాలి.

రెండు విషయాల్లో మాత్రం మీ జ్ఞాపకాలను ప్రమాణంగా తీసుకోకండి. నీళ్లు, వాహనాలు. చెట్టు కొమ్మ ఎంత బరువు మోస్తుందో పిల్లాడు తొక్కి చూసి తెలుసుకోగలడు. నీటి లోతునూ, మలుపు అవతల వచ్చే బండినీ వాడు అంచనా వేయలేడు. ఈత నేర్పించే మనిషి దగ్గరే నేర్పించండి. రోడ్డు దాటడం మీరు పక్కన నడుస్తూ, ఎప్పుడు దాటాలో వాణ్ణే నిర్ణయించనిచ్చి నేర్పండి. నేర్పిందాకా అక్కడ స్వేచ్ఛ మాట ఎత్తకండి.

మరొకటి, ఒక్కడినే బయటికి పంపితే వాడు ఎవరితో ఆడతాడు? మీకు దక్కినది గుంపు. చుట్టుపక్కల వాడి ఈడు పిల్లలున్న తల్లిదండ్రుల దగ్గరికి మీరు వెళ్లండి. ఫలానా రోజు మా అబ్బాయి కిందికి వస్తాడు, మీవాణ్ణీ పంపండి, నేను పిలిస్తే వినపడేంత దూరంలో ఉంటానని చెప్పండి. ఇలాంటి పరిచయాలు పెంచే పని కూడా మనం ఆడవాళ్ల మీదికే నెడతాం. ఈసారి మీరు చేయండి. ముగ్గురు నలుగురు పిల్లలు చేరితే మీ ఆవిడకు సగం ధైర్యం దానంతట అదే వస్తుంది, మీవాడికి ఫోను అవసరమూ తగ్గుతుంది.

ఇవన్నీ చేశాక కూడా ఆవిడకు నిద్ర పట్టకపోవడం, గుండె దడ, వాడు కళ్ల ముందున్నా కుదురు లేకపోవడం ఉంటే అప్పుడు డాక్టరుకు చూపించుకోవాలి. ఆ మాట ఆవిడ నోటి నుంచి రావాలి. వస్తే తోడుగా వెళ్లండి.

మీ చిన్ననాటి కబుర్లు కొన్నాళ్లు ఆపి, ఆవిడ చిన్నతనం గురించి అడగండి. ఎక్కడ ఆడుకునేది, ఎన్నింటికి లోపలికి రమ్మనేవాళ్లు, ఎవరు రమ్మనేవాళ్లు. చెబుతున్నప్పుడు ‘మేమైతేనా’ అని అందుకోకండి.

ఇక మీ అమ్మగారు. ‘నలుగురిని పెంచాను’ అన్న మాట కోడలి ముందు అనవద్దని ఆవిడకు మర్యాదగా చెప్పాల్సింది మీరే. ఆవిడ పెంపకాన్ని తక్కువ చేయనక్కర్లేదు. చిన్నప్పుడు మీకు దెబ్బ తగిలిన రోజున మీ నాన్నగారు ఆవిడనేమన్నారో అడిగి చూడండి, మీ అమ్మగారే మీ ఆవిడ పక్షాన మాట్లాడినా మాట్లాడవచ్చు. ఈ పని మాత్రం మీ ఆవిడచేత చేయించకండి, రేపటికి వాయిదా వేయకండి.