సీసాలో అరటి మొక్కలు అద్దంలా మారితే

ప్రశ్న: మా టిష్యూ కల్చర్ ల్యాబ్‌లో (చిన్న మొక్క ముక్కల నుంచి సీసాల్లో మొక్కలు పెంచే చోటు) కొన్ని సీసాల్లో అగార్, అంటే మొక్కల ఆహార ద్రవాన్ని గడ్డకట్టించే పదార్థం, గట్టిపడటం లేదు. వాటిలోని అరటి పిలకలు నీరు పట్టి, గాజు ముక్కల్లా పెళుసుగా ఉంటున్నాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాద్

జవాబు: ముందు పీహెచ్ (ఆమ్లత) కొలిచే మీటరును అనుమానించండి. పీహెచ్ 4, 7 అని ముందే తెలిసిన బఫర్ ద్రావణాలతో దాన్ని సరిచూశాక మీడియం (ఆహార ద్రవం) పీహెచ్‌ను 5.8కి తెచ్చి, ఆ తర్వాతే అగార్ కలపాలి. పీహెచ్ 5 కంటే బాగా తగ్గితే ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో క్రిములను చంపే పరికరం) వేడికి అగార్ విరిగి జావలా మిగులుతుంది. లీటరుకు అగార్ 7–8 గ్రాములు, పంచదార 30 గ్రాములు చాలు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల వద్ద 15–20 నిమిషాలు ఉంచితే సరిపోతుంది. అంతకు మించి ఉడికిస్తే పీహెచ్ ఇంకా పడిపోతుంది. బోరు నీళ్ల జోలికి మాత్రం పోవద్దు, డిస్టిల్డ్ వాటరే వాడండి.

గట్టి మీడియంలోనూ పిలకలు అలాగే ఉంటే సైటోకైనిన్ (పిలకలు పుట్టించే హార్మోను) ఎక్కువైనట్టే. లీటరుకు 5 మిల్లీగ్రాముల బీఏపీ (ఒక రకం సైటోకైనిన్) వేస్తుంటే 2కి దించండి. పిలకలు తక్కువ వస్తాయి, కానీ నేలలో బతుకుతాయి. మూత మరీ బిగిస్తే తేమ, మొక్కలు వదిలే ఇథిలీన్ వాయువు లోపలే చేరతాయి. గాలాడే ఫిల్టర్ మూతలు మేలు.

ఎండాకాలంలో కరెంటు పోయి ఏసీ ఆగితే గది 25 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు ర్యాకుల లైట్లు ఇన్వర్టర్‌పై వెలిగించకండి, సీసాలు మరింత వేడెక్కుతాయి.