మందుల కంపెనీ ఉద్యోగం మాని ఏజెన్సీ పెడితే 14 లక్షలు సరిపోతాయా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మందుల కంపెనీలో ఏడేళ్లుగా ఏరియా మేనేజర్‌ని. నెలకు ఇరవై రోజులు జైపూర్, రాయగడ, బరంపురం తిరుగుడే. పిల్లల దగ్గర ఉండాలని మానేసి, మందుల హోల్‌సేల్ పెడదామనుకుంటున్నాను. పొదుపు 14 లక్షలు, పర్సనల్ లోన్ బాకీ 2.2 లక్షలు, ఇంటి ఖర్చు నెలకు 32,000.

జవాబు: ముందు ఆ 14 లక్షల్లోంచి లోన్ తీర్చేయండి. ఏడాది ఇంటి ఖర్చు 3.84 లక్షలు వేరే ఖాతాలో వేసి మరిచిపోండి. మిగిలేది సుమారు 8 లక్షలు. గ్రాట్యుటీకి మీరు అర్హులే. బేసిక్ 30,000 అనుకుంటే 15/26 లెక్కన (నెలకు 26 పనిరోజులుగా, ఏడాదికి 15 రోజుల జీతం) ఏడేళ్లకు 1.21 లక్షలు. అంటే చేతిలో 9.2 లక్షలు. పీఎఫ్ జోలికి పోవద్దు, అది వ్యాపారం సొమ్ము కాదు.

హోల్‌సేల్‌లో వాడుకలో ఉన్న మార్జిన్ 8 నుంచి 10 శాతం. తక్కువే వేసుకుందాం. నెలకు 8 లక్షల అమ్మకం మీద 64,000. అద్దె, కుర్రాడి జీతం, పెట్రోలు, ఎక్స్‌పైరీ నష్టం కలిపి 30,000 పోతే ఇల్లు గడుస్తుంది, అంతే. దీనికి పెట్టుబడి ఎంత? నెల సరుకు 7.36 లక్షలు. షాపులకు 45 రోజుల అరువంటే 12 లక్షలు బయటే ఉంటుంది. కంపెనీ మీకు 21 రోజులు గడువిస్తే 5.15 లక్షలు తగ్గుతుంది. నికరంగా 14.2 లక్షలు కావాలి. అదే అరువు 30 రోజులకు బిగిస్తే 10.2 లక్షలు చాలు. ఆ పదిహేను రోజుల్లోనే 4 లక్షలు ఇరుక్కుంటాయి. ఏజెన్సీలు మునిగేది అమ్మకాలు లేక కాదు, అరువు రాబట్టలేక. పైగా కొత్త స్టాకిస్టుకు, అంటే మీలాంటి హోల్‌సేల్ వ్యాపారికి, కంపెనీలు మొదట్లో అరువివ్వవు, డబ్బు ముందే కట్టమంటాయి. కాబట్టి నెలకు 4 లక్షల అమ్మకంతో, రెండు మూడు కంపెనీలతోనే మొదలుపెట్టండి. అమ్మకం పెరిగేదాకా ఇల్లు నడిపేది ఆ వేరే ఖాతాయే. ఆ తర్వాత తక్కువ పడితే ముద్ర లోన్ అడగవచ్చు.

సరిహద్దు సంగతి ఒకటుంది. ఆంధ్రాలోని పాతపట్నం షాపులకు సరుకు పంపారా, అది రాష్ట్రం దాటిన అమ్మకం. ఏడాదికి 40 లక్షల అమ్మకం దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న పరిమితి వర్తించదు, మొదటి బిల్లుకే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి. చిన్న వ్యాపారులు తక్కువ రేటుతో పన్ను కట్టే కాంపోజిషన్ పథకంలో ఉంటే అటు అమ్మడమే కుదరదు. సరుకు విలువ 50,000 దాటితే రవాణాకు ఆన్‌లైన్‌లో ఈ-వే బిల్లు తీయాలి.

మందుల హోల్‌సేల్‌కు కావలసిన లైసెన్సులు 20బి, 21బి. గోదాం కనీసం 10 చదరపు మీటర్లు ఉండాలి, ఫ్రిజ్ తప్పదు. ఫార్మసిస్టు లేకపోతే డిగ్రీతో ఏడాది, పదో తరగతితో నాలుగేళ్ల మందుల అమ్మకం అనుభవం చూపాలి. ఏరియా మేనేజర్‌గా చేసిన అనుభవ పత్రం ఏ రూపంలో కావాలో రాజీనామాకు ముందే డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌ని అడగండి. మానేశాక కంపెనీలో పత్రాలు రాబట్టడం కష్టం.

గ్రూప్ ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది. సొంత పాలసీకి మొదటి 30 రోజులు, ప్రమాదాలకు తప్ప, కవరేజీ ఉండదు. పాత జబ్బులకైతే మూడేళ్ల దాకా ఆగాల్సి రావచ్చు. అందుకని జీతం వస్తుండగానే తీసుకోండి.

చివరగా, వసూళ్లకూ తిరగాల్సిందే. గుమ్మ, కాశీనగరం, పాతపట్నం వరకైతే సాయంత్రానికి ఇల్లు చేరవచ్చు. బరంపురం ఆర్డర్లకు ఆశపడితే మళ్లీ పాత బతుకే.