పెళ్లి అడ్వాన్సుతో ఆఫీసు భోజనాలు పెడుతుంటే

ప్రశ్న: మాది నల్లకుంటలో కర్రీ పాయింట్. నేనూ మా ఆవిడా ఏడేళ్లుగా నడుపుతున్నాం, రోజుకు 9,000 దాకా అమ్మకం. మూడేళ్లుగా క్యాటరింగ్ కూడా చేస్తున్నాను. మాదాపూర్‌లో ఒక కంపెనీకి రోజూ 40 భోజనాలు, ప్లేటు 110, నెలకు 25 రోజులు. బిల్లు పెట్టాక రెండున్నర నెలలకు గానీ డబ్బు రాదు, ఇప్పుడు 2,75,000 రావాలి. పెళ్లిళ్లు, సీమంతాలు, బారసాలలు కలిపి ఏడాదికి ఇంకో 10 లక్షల పని. రాబోయే ముహూర్తాలకు తీసుకున్న అడ్వాన్సులు 1,80,000, అవి సరుకులో కలిసిపోయాయి. 5 లక్షల చీటీ ఉంది, 25 నెలలది, 14 నెలలు కట్టాను, పాడలేదు. చేతిలో ఆడక రోజువారీ ఫైనాన్స్ లక్ష తీసుకున్నాను, చేతికి 90,000 ఇచ్చారు, రోజుకు 1,000 చొప్పున 100 రోజులు, 30 రోజులు కట్టాను. చిన్న వ్యాపారులకు ఉండే జీఎస్టీ కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నాను. కూకట్‌పల్లిలో ఒక షట్టర్ ఖాళీ అయింది, అద్దె 28,000, అడ్వాన్స్ 2 లక్షలు. చీటీ పాడేసి అక్కడ రెండో బ్రాంచి పెట్టమని మా బామ్మర్ది అంటున్నాడు. పెట్టాలా? యూపీఐ తగ్గించి క్యాష్ తీసుకుంటే మంచిదంటున్నారు, నిజమేనా?

జవాబు: వద్దండి. ఆ షట్టర్ ఇప్పుడు వద్దు, దానికోసం చీటీ పాడటం అసలే వద్దు. మీ బామ్మర్ది మంచికే చెప్పి ఉంటారు గానీ ప్రశ్నతో పాటు మీరు విడిగా పంపిన లెక్క కాగితం ఆయన చూసినట్టు లేదు.

ఆ కాగితంలో మూడు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. మీరు ఇవ్వాల్సింది: పెళ్లివాళ్ల అడ్వాన్సులు 1,80,000, ఫైనాన్స్‌లో మిగిలింది 70,000, మొత్తం రెండున్నర లక్షలు. మీకు రావాల్సింది: ఒక్క కంపెనీ నుంచే 2,75,000. అంటే మీకు అప్పు ఉండటానికి కారణం వ్యాపారం నడవకపోవడం కాదు, ఆ కంపెనీ అకౌంట్స్ వాళ్లు మీ డబ్బు దగ్గర పెట్టుకుని కూర్చోవడం. ఎవరిదో కూతురి పెళ్లికి ఇచ్చిన అడ్వాన్సుతో మీరు మాదాపూర్‌లో ఉద్దెర భోజనాలు పెడుతున్నారు. పెళ్లి దగ్గరపడ్డాక బేగంబజార్‌లో పప్పు, నూనె, నెయ్యి కొనడానికి డబ్బుండదు, అప్పుడు ఫైనాన్స్ అబ్బాయికి ఫోన్ చేస్తారు.

ఆ ఫైనాన్స్ ఎంత పడుతోందో మీరు ఎప్పుడైనా లెక్కేశారా? లక్షకు పది వేలే కదా, పది శాతమే కదా అనిపిస్తుంది, అలా అనిపించాలనే ఆ పద్ధతి పెట్టారు. చేతికొచ్చింది 90,000, మర్నాటి నుంచే తిరిగి కట్టడం మొదలు, కాబట్టి వంద రోజుల్లో సగటున మీ దగ్గర ఉన్న అప్పు సుమారు 45,000 మాత్రమే. దానికి మూడు నెలల చిల్లరలో 10,000 వడ్డీ. ఏడాదికి లెక్క కడితే 78 శాతం దగ్గర తేలుతుంది. మన భాషలో చెప్పాలంటే నూటికి నెలకు ఆరున్నర రూపాయల వడ్డీ. మూడు రూపాయల వడ్డీ అంటేనే ఊళ్లో ఎవరూ ముందుకు రారు.

ఇప్పుడు ఆ 110 రూపాయల ప్లేటుకు వద్దాం. మీరు రాసిన ఖర్చులే తీసుకుంటున్నాను: సరుకు, కూరగాయలు 60, మాస్టర్, హెల్పర్ల కూలి 18, గ్యాస్, డబ్బాలు, ఆటో కలిపి 14, మొత్తం 92. కాంపోజిషన్‌లో ఉన్నవాళ్లు కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేయకూడదు కాబట్టి 5 శాతం జీఎస్టీ మీ జేబులోంచే పోతుంది, అదొక 5 రూపాయల 50 పైసలు. మిగిలేది పన్నెండున్నర. కానీ ఆ 92 రూపాయలు మీరు రెండున్నర నెలలు ముందే పెడుతున్నారు, అది ఫైనాన్స్ డబ్బే అయితే ఆరున్నర రూపాయల లెక్కన ప్లేటుకు దాదాపు 15 రూపాయలు వడ్డీకే పోతుంది. పన్నెండున్నర సంపాదించడానికి పదిహేను ఖర్చు. పొద్దున నాలుగింటికి లేచి ఇంత కష్టపడి, ప్లేటుకు రెండున్నర ఎదురు ఇచ్చి పంపిస్తున్నారన్నమాట.

అలాగని ఆ ఆర్డర్ వదిలేయమని నేను చెప్పను. ఆషాఢంలో, పుష్యంలో, మూఢం వచ్చినప్పుడు పెళ్లి పని ఉండదు, బోనాలకు వచ్చే ఆర్డర్లు నాలుగు ఆదివారాల ముచ్చట, అలాంటి నెలల్లో మాస్టర్‌కి జీతం వచ్చేది ఈ ఆఫీసు భోజనాలతోనే. ఆర్డర్ మంచిదే, డబ్బు వచ్చే గడువే మంచిది కాదు. మార్చాల్సింది దాన్ని.

దానికి మీ చేతిలో ఉన్న ఆయుధం ఉద్యం రిజిస్ట్రేషన్, అంటే చిన్న సంస్థగా కేంద్ర ప్రభుత్వం దగ్గర నమోదు. పోర్టల్‌లో ఆధార్‌తో చేసుకోవచ్చు, ఒక్క రూపాయి ఫీజు లేదు, డబ్బు అడిగే ఏజెంటుని నమ్మకండి. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి. వ్యాపారం రకం దగ్గర క్యాటరింగ్ సేవ అని పెట్టండి, ఉత్త కొని అమ్మే వ్యాపారం అని పెడితే నేను చెప్పబోయే రక్షణ దొరకదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల (ఎంఎస్ఎంఈ) చట్టం ప్రకారం మీలాంటి చిన్న సంస్థకు రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే ‘బ్యాంక్ రేటు’కు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ. మీరు వెళ్లి ఆ వడ్డీ అడుగుతారని నేను అనుకోను, రేపు మళ్లీ ఆ గేటు దగ్గరికే డబ్బాలు తీసుకెళ్లాలి కదా. అసలు పనిచేసేది ఇంకోటి. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 43బి సెక్షన్ కింద 2023-24 లెక్కల నుంచి ఒక నిబంధన వచ్చింది: చిన్న సంస్థలకు గడువులోగా కట్టని బిల్లును ఆ కంపెనీ ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేదు, కట్టిన ఏడాదే చూపించుకోవాలి. ఈ సంగతి వాళ్ల ఆడిటర్‌కి బాగా తెలుసు. మీరు చేయాల్సిందల్లా ఇకమీదట ప్రతి బిల్లు పైన ఉద్యం నంబరు వేసి, సర్టిఫికెట్ కాపీ అకౌంట్స్ వాళ్లకు మెయిల్ చేసి, మర్యాదగా ‘సార్, 30 రోజుల్లో క్లియర్ చేయండి’ అని ఒక లైను రాయడం. గొడవ అక్కర్లేదు. పాత బిల్లుల విషయంలో అప్పటికి రిజిస్ట్రేషన్ లేదని వాళ్లు తప్పించుకోవచ్చు, అందుకే ఇది ఈ వారమే చేయాలి.

నెల రోజుల్లో డబ్బు రావడం మొదలైతే వాళ్ల దగ్గర ఉండిపోయేది 2,75,000 నుంచి 1,10,000కి దిగుతుంది. 1,65,000 మీ చేతికి వస్తుంది, కొత్త అప్పేమీ లేకుండా. కుదరదంటే రేటు 120 అడగండి, ఆలస్యానికి ధర అది. రెండూ కాదంటే 40 ప్లేట్లను 20కి తగ్గించండి.

ఫైనాన్స్ సంగతి చెబుతాను, ఇది మీకు వింతగా ఉండొచ్చు: దాన్ని ముందే తీర్చేయాలని ఆరాటపడకండి. వడ్డీ 10,000 మొదటి రోజే పట్టేసుకున్నారు, ఇవాళ 70,000 ఒకేసారి కట్టినా వాళ్లు తగ్గించకపోతే మీకు పైసా మిగలదు. రోజుకు వెయ్యి కట్టుకుంటూ పోండి, అయిపోనివ్వండి. కానీ అరవయ్యో రోజో డెబ్బయ్యో రోజో ఆ అబ్బాయి వచ్చి ‘అన్నా, మిగిలింది కట్ చేసుకుని మళ్లీ లక్ష ఇస్తా’ అంటాడు. అక్కడ దండం పెట్టేయండి. రెన్యువల్ చేస్తే పాత అప్పులో ఇంకా తీరని భాగానికి రెండోసారి వడ్డీ పడుతుంది.

చీటీ పాడటం తప్పేమీ కాదు. 14 నెలలు కట్టారంటే అందులో ఎక్కువ భాగం మీ సొంత డబ్బే. కాకపోతే నెలలు గడిచేకొద్దీ పాటలో పోటీ తగ్గుతుంది, పోగొట్టుకునేది తగ్గుతుంది, కాబట్టి ఆగగలిగితే ఆగండి. కంపెనీ డబ్బు రాకుండా పెళ్లి ముహూర్తం మీదికొస్తే అప్పుడు పాడి ఆ పెళ్లి సరుకు కొనండి, మళ్లీ ఫైనాన్స్ దగ్గరికి మాత్రం పోవద్దు. అది రిజిస్టర్ అయిన చిట్ ఫండ్ కంపెనీదా, వీధిలో ఎవరో వేసిన చీటీనా అనేది మీరు రాయలేదు. రెండోదైతే నేను ఆగమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, వచ్చే నెలే పాడేసి డబ్బు బ్యాంకులో వేసుకోండి.

కూకట్‌పల్లి లెక్క చిన్నదే. అద్దె 28,000, ఒక మాస్టర్, ఇద్దరు హెల్పర్లు, కరెంటు, పైఖర్చులు కలిపితే నెలకు 95,000కి తగ్గదు. నూరు రూపాయల అమ్మకంలో సరుకు, గ్యాస్, ప్యాకింగ్, జీఎస్టీ పోగా 35 మిగులుతాయనుకుందాం. ఆ 95,000 రావాలంటే నెలకు 2,71,000 అమ్మాలి, అంటే రోజుకు 9,000. నల్లకుంటలో ఏడేళ్లకు మీరు చేరిన అమ్మకం అక్కడ మొదటి రోజు నుంచే రావాలి, అదీ లాభం లేకుండా, నష్టం మాత్రం రాకుండా ఉండటానికి. పైగా అక్కడ గల్లా దగ్గర కూర్చునేది ఎవరు? మీ ఆవిడ అక్కడికి పోతే ఇక్కడ చింతపండు పులిహోర రుచి చూసి ఉప్పు సరిచేసేది ఎవరు?

యూపీఐ మాట. 2025 జూలైలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ లెక్కలు చూసి చిన్న దుకాణాలకు నోటీసులు ఇచ్చింది, అప్పటి నుంచి ఈ భయం ఇక్కడికీ పాకింది. ఆ నోటీసులు వెళ్లింది పరిమితి దాటినా రిజిస్ట్రేషన్ లేనివాళ్లకు. ఆ పరిమితి తెలంగాణలో 20 లక్షలు, సరుకుకైనా సేవకైనా. ఆంధ్రలో సరుకుకు 40 లక్షలు ఉంది కాబట్టి విజయవాడ చుట్టాలు చెప్పే అంకె మీకు పనికిరాదు. మీ అమ్మకం 53 లక్షల దాకా ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది, మీకు భయం దేనికి? పైగా ఆదాయపు పన్నులో చిన్న వ్యాపారులు లాభాన్ని అమ్మకంలో ఇంత శాతమని చూపించే పద్ధతి ఉంది (1961 చట్టంలో 44ఏడీ సెక్షన్). దాని కింద లెక్క చూపిస్తే డిజిటల్‌గా వచ్చిన దాని మీద కనీసం 6 శాతం లాభం చూపిస్తే చాలు, క్యాష్ మీద 8 శాతం. క్యాష్ తీసుకుంటే ఎక్కువ చూపించాలి.

అసలు నన్ను బాధపెట్టింది మీ పోయినేటి రిటర్న్. 3,20,000 ఆదాయం చూపించారు. పిల్లల స్కూలు ఫీజులు, ఇంటి అద్దె, నెలకు 20,000 చీటీ ఇవన్నీ 3,20,000లో ఎలా నడుస్తున్నాయని అడిగితే ఏం చెబుతారు? కనీసం 6 శాతం అన్నారు గానీ నిజంగా ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలి. కొత్త పన్ను విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా రిబేటుతో పన్నే పడదు. ఎనిమిదో తొమ్మిదో లక్షలు నిజంగా మిగులుతుంటే అదే చూపించండి, ఒక్క రూపాయి కట్టక్కర్లేదు. ఆ కంపెనీ మీ బిల్లుల్లో కోసుకునే 1 శాతం టీడీఎస్ కూడా, ఏడాదికి 13,000 దాకా, రిటర్న్ వేస్తే వెనక్కి వస్తుంది. ముఖ్యంగా ఆ కాగితంతో బ్యాంకుకు వెళ్తే మాట్లాడటానికి మొహం ఉంటుంది. చిన్న వ్యాపారులకు బ్యాంకులిచ్చే ముద్ర రుణాల్లో కిశోర్ అనే రకం కింద 5 లక్షల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. ఓవర్‌డ్రాఫ్ట్ (ఓడీ) లిమిట్‌లా పెట్టమని అడగండి, వాడుకున్న రోజులకే వడ్డీ. ఫైనాన్స్ వడ్డీ పక్కన పెడితే బ్యాంకు వడ్డీ మీకు వడ్డీలాగే కనిపించదు.

కాంపోజిషన్ గురించి మీ సీఏతో ఒక్కసారి కూర్చోండి. రెగ్యులర్ జీఎస్టీకి మారినా భోజనాల మీద రేటు అదే 5 శాతం, కొన్న సరుకు మీద కట్టిన పన్ను తగ్గించుకునే ఇన్‌పుట్ క్రెడిట్ అక్కడా లేదు. తేడా ఏమిటంటే అక్కడ బిల్లులో వేసి కస్టమర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు, క్యాటరింగ్ 23 లక్షల మీద అది 1,15,000. కంపెనీకి ఆ ట్యాక్స్ క్రెడిట్ మామూలుగా దొరకదు, బేరమాడతారు, అది వేరే సంగతి. ఇంకో చిక్కు కూడా ఉంది: 2024 అక్టోబర్ 10 నుంచి, రెగ్యులర్‌లో ఉంటే, మీ నల్లకుంట షట్టర్ ఓనర్‌కి జీఎస్టీ లేకపోతే అద్దె మీద 18 శాతం మీరే కట్టాలి, కాంపోజిషన్ వాళ్లకు మాత్రం ఆ బాధ తీసేశారు. నెలకు 20,000 అద్దెకు అది ఏడాదికి 43,200. రిటర్న్‌ల పని, సీఏ ఫీజు కూడా పెరుగుతాయి. ఇవన్నీ కూడి తీసి చూసి నిర్ణయించుకోండి.

రేపే చేయాల్సిన పని ఒకటుంది. పెళ్లి అడ్వాన్సులకు వేరే సేవింగ్స్ అకౌంట్ తెరవండి, దానికి ఏటీఎం కార్డు తీసుకోకండి. వంట చేసే వారానికి ముందు సరుకు కొనడానికి తప్ప అందులోంచి తీయొద్దు. ఆ పెళ్లి అయిపోయేదాకా అది మీ డబ్బు కాదు, వాళ్లది. బుకింగ్‌కి 30 శాతం, వారం ముందు 50, మిగతాది వడ్డన రోజు పొద్దున్నే తీసుకోవడం అలవాటు చేయండి. భోజనాలయ్యాక పెళ్లికూతురి తండ్రి ఎక్కడ దొరుకుతాడో మీకు నాకంటే బాగా తెలుసు. ఇంటి ఖర్చుకు ఒకటో తారీఖున ఒక మొత్తం అనుకుని గల్లాలోంచి ఒక్కసారే తీసుకోండి, రోజూ చేయి పెట్టడం మానండి.

హెల్త్ పాలసీ లేదన్నారు, అది చీటీ కంటే ముందుండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత హెల్త్, టర్మ్ పాలసీల మీద జీఎస్టీ తీసేశారు. నలుగురికీ కలిపి ఒక ఫ్లోటర్, మీ పేరున ఒక టర్మ్ పాలసీ తీసుకోండి. టర్మ్ పాలసీ ఫారం నింపేటప్పుడే వివాహిత స్త్రీల ఆస్తి (ఎండబ్ల్యూపీ) చట్టం కింద కావాలని అడగండి. 1874 నాటి చట్టం అది, దాని కింద తీసుకుంటే రేపు మీకేమైనా అయినా ఆ డబ్బు మీ ఆవిడకీ పిల్లలకీ చేరుతుంది, అప్పులవాళ్లు దాని మీద చేయి వేయలేరు. పాలసీ వచ్చాక మార్చడం కుదరదు, కాబట్టి ఏజెంట్ ‘తర్వాత చూద్దాం సార్’ అంటే ఒప్పుకోకండి.