సందేహాలు – సమాధానాలు: ‘క్యాజువల్‌గా రావద్దు’ అనడానికి తెలుగేది?

సందేహం: మా అపార్ట్‌మెంట్‌లో ఉగాది వేడుకకు పిలుపు తెలుగులో రాసే పని నాకు అప్పగించారు. ‘క్యాజువల్‌గా రావద్దు, చక్కగా డ్రెస్సప్ అయి రండి’ అన్నది అందులో ఉండాలన్నారు. ‘సాధారణ దుస్తులలో రావద్దు, అలంకరించుకొని రండి’ అని రాశాను. చదివినవాళ్లంతా నవ్వారు. తప్పెక్కడుంది? ‘ముస్తాబై రండి’ అందామంటే అది తెలుగు మాటేనా? బట్టలు ‘వేసుకోవడం’ ఒప్పా, ‘కట్టుకోవడం’ ఒప్పా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

సమాధానం: మీ వాక్యంలో వ్యాకరణ దోషం ఒక్కటీ లేదు. అయినా ఆ నవ్వులో న్యాయం ఉంది.

మీది విజయవాడ కాబట్టి సంగతి మీకు తేలిగ్గానే అందుతుంది. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి మీదికి వెళ్లేవాళ్లు ‘ఇవాళ అమ్మవారు ఏ అలంకారంలో ఉంది?’ అని అడుగుతారు. ఒకనాడు అన్నపూర్ణ, ఒకనాడు గాయత్రి, మూలానక్షత్రం నాడు సరస్వతి. అలంకరణ అనే మాట ఇప్పుడు దేవుడికి, పెళ్లిపందిరికి, వేదికకి, శోభనపు గదికి, పెళ్లికొడుకు ఎక్కే కారుకి అతుక్కుపోయింది. మూడో అంతస్తు నుంచి లిఫ్టులో దిగి వచ్చే మనిషిని ‘అలంకరించుకొని రండి’ అంటే చేతిలో త్రిశూలం ఒక్కటే తక్కువ అనిపించదూ!

ఇక ‘సాధారణ దుస్తులు’. ఈ మాట మనకి ఎక్కువగా ఎదురయ్యేది పత్రికల్లోని నేరవార్తల్లో. మఫ్టీలో కాపు కాసిన పోలీసులను ‘సాధారణ దుస్తుల్లో ఉన్న పోలీసులు’ అని రాస్తారు. యూనిఫాం ఉన్న ఉద్యోగానికే మఫ్టీ ఉంటుంది. బడిపిల్లలు పుట్టినరోజున వేసుకెళ్లే ‘సివిల్ డ్రెస్’ కూడా అంతే. పోనీ, ‘క్యాజువల్’కి ప్రభుత్వ పరిభాషలో ఏమంటున్నారో చూద్దామా అంటే, అక్కడ క్యాజువల్ లీవు ‘ఆకస్మిక సెలవు’. ఆ దారిన పోతే మీ పిలుపులో ‘ఆకస్మిక దుస్తులు’ అని పడేది. నిఘంటువు ముందేసుకుని మాటకి మాట పెడితే ఇలాంటివే వస్తాయి.

ముందుగా, ఇంట్లో మనం నిజంగా ఏమంటామో గుర్తు చేసుకోండి. సందు చివరి కొట్టుకి వెళ్లి తెలిసినవాళ్ల కంటపడితే ‘ఉన్నపళంగా వచ్చేశానండీ’ అంటాం. ఎవరింటికైనా పట్టుచీర కట్టకుండా వెళితే ‘మామూలుగానే వచ్చేశాను, ఏమీ అనుకోకండి’ అంటాం. పిల్లవాడు బనీనుతో చుట్టాల ముందుకొస్తే తల్లి ‘ఏమిట్రా ఆ అవతారం! పోయి మంచి చొక్కా వేసుకురా’ అంటుంది. (దేవుడు దశావతారాలు ఎత్తినా ఎవరూ తప్పు పట్టలేదు. పాత లుంగీతో వీధి గుమ్మంలో నిలబడితేనే మనది ‘అవతారం’ అవుతుంది.) ‘ఉన్నపళంగా’, ‘మామూలుగా’, ‘అవతారం’ – మీరు వెతుకుతున్న క్యాజువల్ ఈ మూడింట్లోనూ ఉంది. అయితే మూడూ ఒకటి కావు. మొదటిది సంజాయిషీ, రెండోది మొహమాటం, మూడోది చీవాట్లు. ఒక్క మాటతో మూడింటికీ సరిపెట్టాలంటే తెలుగు ఒప్పుకోదు.

కారణం ఉంది. ఇంగ్లీషు మాట ఆఫీసు బట్టలకీ తక్కిన బట్టలకీ మధ్య గీత గీస్తుంది. మన గీతలు వేరే చోట పడ్డాయి: ఇంట్లో కట్టుకునేవి, నలుగురిలోకి వెళ్లేటప్పుడు కట్టుకునేవి; ఉతికినవి, విడిచినవి; మడిబట్ట, మైలబట్ట; పాతవి, కొత్తవి. కొత్తబట్టకి మూలన పసుపు పెట్టి గానీ ఒంటిమీద వేసుకోని ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. బట్ట ఖరీదు కన్నా అది ఏ గడప దాటవచ్చు అన్నదే మనకి ముఖ్యం. నైటీనే తీసుకోండి. పేరులో రాత్రి ఉంది, వాడుకలో పగలంతా ఉంది. కూరగాయల బండి దాకా వెళ్లాల్సివస్తే పైన ఒక చున్నీయో తువ్వాలో పడుతుంది. ఆ తువ్వాలుతో ఇంట్లో బట్ట కాస్తా, గేటు వరకు చెల్లే బయటి బట్ట అయిపోతుంది.

దీన్ని నేను చిన్నప్పుడే మా తాతగారి దగ్గర చూశాను. ఇంట్లో ఆయన అడ్డపంచెతో ఉండేవారు. నడుముకి అడ్డంగా చుట్టి దోపుకోవడమే, గోచీ లేదు, కుచ్చిళ్లు లేవు. తగవు తీర్చడానికి రమ్మని ఎవరైనా వస్తే, అరుగు మీద కూర్చున్నవారు లేచి లోపలికి వెళ్లేవారు. రెండు నిమిషాల్లో అదే పంచెను కుచ్చిళ్లు పోసి, గోచీ పెట్టి కట్టుకుని, భుజాన కండువా వేసుకుని బయటికి వచ్చేవారు. బట్ట మారలేదు, కట్టు మారింది. మా నాయనమ్మకీ అంతే. పనిలో ఉన్నంతసేపూ బొడ్లో దోపి ఉండే కొంగు, ఎవరైనా గుమ్మంలోకి రాగానే భుజం మీదుగా నిండుగా దిగేది. ‘కట్టూ బొట్టూ’ అన్న జంటలో కట్టు ముందు ఎందుకొచ్చిందో నాకు అప్పుడే తెలిసింది.

‘ముస్తాబు’ సంగతి. అది అన్యదేశ్యమే, ఉర్దూ పలుకుబడిలోంచి వచ్చింది. కానీ దాన్ని పరాయిదని వదిలేయమని నేను చెప్పను. అందులో అలంకరణ ఒక్కటే లేదు, సన్నాహం కూడా ఉంది. అందుకే ‘జాతరకి ముస్తాబైన మేడారం’ అని పత్రికలు రాయగలుగుతున్నాయి. ‘తయారు’ కూడా బయటి నుంచి వచ్చి మనదైన మాటే, దాని అసలు అర్థమూ సిద్ధమని. ‘ఇంకా తయారవలేదా?’ అని భర్త గుమ్మంలోంచి కేకేస్తే వంట సంగతో లెక్కల సంగతో అడుగుతున్నాడని ఎవరూ అనుకోరు. ఇప్పుడు ఆ చోట్లోకి ‘రెడీ’ వచ్చింది. ‘అమ్మాయి రెడీ అవుతోంది’ అంటే తల దువ్వుకుని, చీర కట్టుకుని, పూలు పెట్టుకుంటోందనే. ఒకదాని తర్వాత ఒకటిగా మూడు మాటలు అరువు తెచ్చుకున్నాం. మూడింట్లోనూ ఒకే తెలుగు ఊహ నింపాం: బయల్దేరడానికి సిద్ధమైన మనిషే మంచి బట్టల్లో ఉన్న మనిషి. మీ ‘డ్రెస్సప్’కి ఇంతకన్నా దగ్గరి మాట లేదు.

‘సింగారించుకోవడం’ వాడొచ్చా అని మీరు అడగలేదు గానీ చెబుతాను. శృంగారానికి తద్భవం సింగారం. మాట అందమైనదే, అయితే ఇప్పటి వాడుకలో కాస్త ఎత్తిపొడుపు చేరింది. ‘ఏం సింగారించుకుంటున్నావు ఇంతసేపూ’ అన్నప్పుడు దీవెన వినబడదు. పిలుపులో వద్దు. ‘నీటుగా’ మాత్రం నిరభ్యంతరంగా రాయండి. అది ఇంగ్లీషు నుంచి వచ్చిందని చాలామంది అనుకుంటారు. సొగసు, విలాసం అన్న అర్థంలో ‘నీటు’, సొగసుకాడికి ‘నీటుకాడు’ మన పాత నిఘంటువుల్లో ఉన్నాయి. ఇంగ్లీషు మాట వచ్చి పాత మాట పక్కన కూర్చుంది, అంతే.

‘డ్రెస్’తో మాత్రం జాగ్రత్త. ‘చీరలో వచ్చిందా, డ్రెస్‌లో వచ్చిందా?’ అన్నప్పుడు డ్రెస్ అంటే చుడీదారే. ‘పెళ్లికి డ్రెస్ వేసుకొచ్చింది’ అన్నది మన పెద్దవాళ్ల నోట ఫిర్యాదు. ఇంగ్లీషులో మీరు చెప్పదలచుకున్నదానికి పూర్తిగా ఎదురు!

వేసుకోవడమా, కట్టుకోవడమా అంటే, చేసే పనిని బట్టి క్రియ వస్తుంది. చుట్టి ముడి వేసేదీ దోపుకునేదీ కట్టుకుంటాం: చీర, పంచె, పరికిణీ. చేతులో కాళ్లో దూర్చేదాన్ని తొడుక్కుంటాం, వేసుకుంటాం: చొక్కా, రవిక, చెప్పులు, గాజులు. ఓణీ, కండువా మీద పడేవి కాబట్టి వేసుకుంటాం. శాలువా కప్పుకుంటాం. టోపీ, కళ్లజోడు, వాచీ, కమ్మలు, బొట్టు, కాటుక పెట్టుకుంటాం. తలపాగా చుట్టుకుంటాం. వీటన్నిటికీ ‘ధరించు’ ఒక్కటే వాడే అలవాటు ప్రకటనల్లో ఎక్కువైంది. ‘హెల్మెట్ ధరించండి’ వరకు సర్దుకుపోవచ్చు, ‘చెప్పులు ధరించి’ అంటే నాకు చెవి కలుక్కుమంటుంది.

ఇక మీ పిలుపు. శుభమా అని ఉగాది నాడు పిలుపులో ముందే ‘వద్దు’ ఎందుకు? మీ రెండు వాక్యాలనీ కొట్టేసి ‘అందరూ పండగ బట్టల్లో రండి’ అని రాయండి. పండగ బట్టలంటే ఏమిటో ఏ ఇంట్లోనూ విడమరిచి చెప్పనక్కర్లేదు. జీన్స్ తొడుక్కోవాలనుకున్న కుర్రాడికి కూడా సంగతి అర్థమవుతుంది.

మగవాళ్ల కోసం ‘పంచె కట్టుకుని’ అని చేరుద్దామని మీకు అనిపించవచ్చు. ఈ మధ్య మా మనవడు నడుము దగ్గర అతికించుకునే రెడీమేడ్ పంచెతో వచ్చి ‘తాతయ్యా, పంచె వేసుకున్నా’ అన్నాడు. దిద్దబోయి ఆగాను. వాడు కట్టిందేమీ లేదు మరి.