112వ పేజీ దగ్గర ఆగిన అమ్మాయికి

ప్రశ్న: మేడమ్, నాకు 16 ఏళ్ళు. హనుమకొండలో ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీ చదువుతున్నాను. ఏడో తరగతిలో మా పెద్దమ్మ కూతురు ఇచ్చిన ఒక ఇంగ్లిష్ నవలతో యంగ్ అడల్ట్ పుస్తకాల (అంటే టీనేజీ వాళ్ళ కోసం రాసే నవలల) పిచ్చి పట్టుకుంది. చదివిన ప్రతి నవల గురించీ ఒక పాత రికార్డు పుస్తకంలో రాసుకుంటాను. ఇప్పటికి 43 అయ్యాయి. పోయినేడాది నుంచి వాటిని ఇన్‌స్టాగ్రామ్‌లోనూ పెడుతున్నాను. కొత్త రచయిత కనిపిస్తే అందరికంటే ముందు నేనే చదివి చెప్పాలనిపిస్తుంది. గత నెల యూనిట్ టెస్టులో కెమిస్ట్రీలో 60కి 27 వచ్చాయి. నాన్న ఫోన్ తీసేసుకున్నారు. ‘ఇంత వయసొచ్చి పిల్లల కథలేంటి’ అన్నారు. అమ్మ ‘అసలేముంటుందే ఆ పుస్తకాల్లో’ అని అడిగితే ఏం చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఇంకో సంగతి ఎవరికీ చెప్పలేదు. ఒక రచయిత తన నవల పీడీఎఫ్ ఫ్రీగా పంపి, ఐదు స్టార్లు ఇస్తే తర్వాతి పుస్తకం కూడా ముందే పంపిస్తానన్నారు. నాకది సగంలోనే బోర్ కొట్టింది. అయినా ఐదూ ఇచ్చేశాను. అప్పట్నుంచి ఏమీ రాయబుద్ధి కావట్లేదు. నేను నవలలు మానేయాలా? రికార్డు పుస్తకంలోంచి రెండు పేజీల ఫొటోలు అమ్మ ఫోన్‌లో తీసి పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, నీ ఉత్తరం కంటే ముందు ఆ రెండు ఫొటోలే చదివాను. అందుకని వాటి దగ్గరే మొదలుపెడతాను.

మొదటి పేజీలో తమ్ముణ్ణి పోగొట్టుకున్న అమ్మాయి కథ గురించి రాశావు. కథ ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పి, ఆ కింద ఇంగ్లిష్‌లో ఇలా రాశావు: ‘112వ పేజీలో వాడి టూత్‌బ్రష్ ఇంకా స్టాండ్‌లోనే ఉందని వస్తుంది. అక్కడ పుస్తకం మూసేశాను. లేచి నీళ్ళు తాగాను. మా తమ్ముడికి దుప్పటి కప్పి వచ్చి ఆ పేజీ మళ్ళీ చదివాను.’ నేనా పుస్తకం చదవలేదు. కానీ ఈ నాలుగు ముక్కలు చదివాక అది ఎలాంటి పుస్తకమో నాకు తెలిసిపోయింది. నువ్వెలాంటి అమ్మాయివో కూడా కొంచెం తెలిసింది.

రెండో పేజీ ఆ ఐదు స్టార్ల నవలది. ‘అద్భుతమైన కథనం. చివరిదాకా కట్టిపడేస్తుంది. పాత్రలు సజీవంగా ఉన్నాయి. తప్పక చదవాల్సిన పుస్తకం.’ పేరు తీసేస్తే ఇది ఏ పుస్తకానికైనా సరిపోతుంది. పేజీ నంబరు లేదు, టూత్‌బ్రష్ లేదు, నువ్వసలే లేవు. రాయబుద్ధి కావట్లేదన్నావు కదా, ఈ రెండు పేజీలూ పక్కపక్కన పెట్టుకుని ఒకసారి చూసుకో. చదవడం మీద నీకు విసుగు పుట్టలేదు. నీ మాట మీద నీకే నమ్మకం పోయింది, చెయ్యి అక్కడ ఆగిపోయింది.

నువ్వేదో పెద్ద నేరం చేశావని నేననను. పదహారేళ్ళ పిల్లకి ఒక రచయిత నేరుగా మెసేజ్ పెట్టి, పుస్తకం విడుదల కాకముందే నీకే పంపిస్తానంటే ఎవరికైనా కాళ్ళు నేల మీద ఆగవు. తప్పు ముందు ఆ పెద్దమనిషిది. అభిప్రాయం చెప్పమని పుస్తకం పంపడం ప్రచురణ రంగంలో మామూలే. ఇన్ని స్టార్లు ఇస్తేనే ఇంకోటి పంపిస్తాననడం మాత్రం బేరం. సోషల్ మీడియాలో ఫ్రీగా వచ్చిన వస్తువు గురించి రాసేటప్పుడు అది ఫ్రీగా వచ్చిందని స్పష్టంగా చెప్పాలని మన దేశంలో ప్రకటనల ప్రమాణాల మండలి 2021లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. పుస్తకమైనా అంతే.

కాబట్టి ఆ రివ్యూ సరిచెయ్యి. తీసేసి ఊరుకుంటే చాలదని నా అభిప్రాయం, ఎందుకంటే నీ మాట నమ్మి ఆ పుస్తకం కొన్నవాళ్ళు ఉండొచ్చు. ‘ఈ నవల రచయిత నాకు ఉచితంగా పంపారు. నిజానికి సగం నుంచి నాకు ముందుకు సాగలేదు. ఐదు స్టార్లు ఇవ్వడం నా పొరపాటు’ అని నాలుగు లైన్లు రాస్తే సరిపోతుంది. ఎక్కడ బోర్ కొట్టిందో, ఎందుకు కొట్టిందో కూడా చెప్పు. ఆ మాట రచయితక్కూడా పనికొస్తుంది. ఆయన కోపంగా మెసేజ్ పెడితే జవాబివ్వకు, అమ్మకి చూపించు. ఇంటి అడ్రసు, కాలేజీ పేరు ఏ రచయితకీ, ఏ ఫాలోయర్‌కీ ఇవ్వకు. ఇది నీ ఒక్కదానికే చెప్పే మాట కాదు, మా అమ్మాయికీ ఇదే చెప్తాను.

ఇక నాన్న సంగతి. ఆయన ఒకే వాక్యంలో రెండు వేరే వేరే విషయాలు కలిపేశారు. ఒకటి మార్కులు, రెండోది పిల్లల కథలు.

మార్కుల విషయంలో నేను ఆయన పక్షమే. 60కి 27 అంటే ఏ తండ్రికైనా టెన్షన్ వస్తుంది. నీకు చెప్పకపోయినా నీ ఫీజు కట్టిన రోజు ఆయన ఎంత లెక్క వేసుకున్నారో ఊహించుకో. కానీ నిన్నొకటి అడుగుతాను, నిజం చెప్పు. ఆ నెలలో రాత్రిళ్ళు నిద్ర పాడైంది నవలల వల్లా, ఫోన్ వల్లా? పుస్తకం అయిపోతే మూసేస్తాం. పోస్టు పెట్టాక ఎంతమంది చూశారు, ఎవరేం రాశారు అని పది నిమిషాలకోసారి తీసి చూసుకోవడానికి అంతుండదు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చదివే అలవాటు వల్ల చదువు చెడినవాళ్ళని నేను దాదాపు చూడలేదు. ఒంటిగంట దాకా ఫోన్ పట్టుకుని, పొద్దున క్లాసులో కళ్ళు మూతలు పడ్డవాళ్ళని చాలామందిని చూశాను.

పిల్లల కథల సంగతికొస్తే, ఆయనకి తెలియక అన్న మాట అది. తెలియకపోవడానికి కారణం ఉంది. మన తెలుగు పుస్తకాల్లో మీ వయసువాళ్ళకంటూ ఒక అర లేదు. 1947లో మొదలైన చందమామ మూడు తరాల పిల్లల్ని పెంచింది. చందమామ వయసు దాటగానే మేమంతా ఏకంగా అమ్మలు చదివే వారపత్రికల సీరియళ్ళలోకి దూకాం. పదమూడేళ్ళకీ పెళ్ళి కథలే, పద్దెనిమిదేళ్ళకీ అవే. నడుమ ఉన్న వయసు గురించి, ఆ వయసు మనిషి నోటితోనే చెప్పే కథలు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని కూడా మా చేతికి రాలేదు. అమెరికాలో లైబ్రేరియన్ల సంఘం 1957లోనే ఈ వయసు పాఠకుల కోసం ప్రత్యేక విభాగం పెట్టుకుంది. 2000 సంవత్సరం నుంచి ఆ పుస్తకాలకి విడిగా ప్రింట్జ్ అవార్డు ఇస్తున్నారు. ఎస్.ఇ. హింటన్ అనే అమ్మాయి హైస్కూల్లో ఉండగానే, పదిహేనేళ్ళకి తన తోటి కుర్రాళ్ళ గొడవల మీద నవల మొదలుపెట్టింది. 1967లో అది అచ్చయ్యేటప్పటికి ఆమెకి పద్దెనిమిదేళ్ళు. ఆడపిల్ల రాసిందంటే విమర్శకులు పట్టించుకోరేమోనని పేరు పొడి అక్షరాల్లో వేశారు. ఇవాళ నువ్వు చదివే పుస్తకాల వెనకాల ఆ అమ్మాయి ఉంది. ఇది నాన్నకి చెప్పు. వాదనలా చెప్పకు, అన్నం తినేటప్పుడు మామూలు కబురులా చెప్పు.

నా సంగతి ఒకటి చెప్తాను. నేను ఇంటర్ చదివేటప్పుడు మా వీధి చివర అద్దె పుస్తకాల షాపుండేది. రోజుకింత అని ఇచ్చి నవల తెచ్చుకుని ఫిజిక్స్ పుస్తకంలో పెట్టి చదివేదాన్ని. ఒకరోజు మా నాన్నకి దొరికిపోయాను. ఆయన తిట్టలేదు, కొట్టలేదు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. నేను చదవడం తగ్గించానా అంటే లేదు, ఇంకా బాగా దాచడం నేర్చుకున్నాను. కానీ ఆ తర్వాత చదివిన ఒక్క పుస్తకం గురించీ ఇంట్లో నోరు విప్పలేదు. కడుపు నిండా కథలు పెట్టుకుని, చెప్పుకునే మనిషి లేక తిరిగాను. ఇప్పుడు తల్చుకున్నా నాకు బాధగా ఉండేది ఆ వారం మౌనం కాదు, ఆ తర్వాత నేను పాటించిన మౌనం. నువ్వు ఆ దారిలోకి వెళ్ళకూడదనే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

అందుకే దాచకు. ఈ ఆదివారం రికార్డు పుస్తకం తీసుకెళ్ళి నాన్న ముందు పెట్టు. ఫోన్‌లో ఉన్నవి ఆయనకి కనిపించేది ఫోన్‌గానే. 43 పుస్తకాల గురించి కూతురు చేత్తో రాసిన పేజీలు చూస్తే వేరేగా ఉంటుంది. ఆ తర్వాత నువ్వే ఒక మాట ఇవ్వు: మార్చిలో పరీక్షలు ముగిసేదాకా పేజీలో కొత్త పోస్టులు పెట్టను, ఫోన్ హాల్లోనే ఉంటుంది, రాత్రి పడుకునే ముందు అరగంట మాత్రం అచ్చు పుస్తకం చదువుకుంటాను, రాసుకోవాలంటే రికార్డులో రాసుకుంటాను. తర్వాతి యూనిట్ టెస్టులో కెమిస్ట్రీకి ఎన్ని తెస్తావో కూడా నువ్వే చెప్పు, చేతనయ్యే అంకె చెప్పు. ఒప్పుకోకపోతే? రెండు వారాలాగి మళ్ళీ అడుగు. పేజీ నడుపుతున్న సంగతి ఆయనకి పూర్తిగా తెలియాలి. 2023లో వచ్చిన డిజిటల్ డేటా చట్టం కూడా పద్దెనిమిది నిండనివాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలనే అంటోంది. పరీక్షలయ్యాక ఆ పేజీ తెరిచే రోజు ఆయన్నీ పక్కన కూర్చోబెట్టుకో.

అచ్చు పుస్తకం అన్నాను కాబట్టి ఇంకో మాట. చాలామంది పిల్లలు టెలిగ్రామ్‌లో దొరికే దొంగ పీడీఎఫ్‌లు చదువుతున్నారు. నువ్వూ చదువుతుంటే మానెయ్యి. రచయితకి న్యాయం చేయాలని రివ్యూ రాసేవాళ్ళే ఆయన పుస్తకం ఊరికే లాక్కుంటే ఎలా? కొనడం ఖరీదని నాకు తెలుసు. ప్రభుత్వ గ్రంథాలయంలో సభ్యత్వం తీసుకో, కావాల్సిన పుస్తకాల పేర్లు లైబ్రేరియన్‌కి కాగితం మీద రాసివ్వు. హైదరాబాద్ వెళ్ళినప్పుడు ఆదివారమైతే అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు వెతుక్కో. వెతుకులాటలో దొరికే పుస్తకం రుచే వేరు, కొత్తవాళ్ళని ముందు కనిపెట్టాలన్న నీ సరదా కూడా అక్కడ తీరుతుంది. మీ హనుమకొండ ఇలాంటి సరదాలకి కొత్త ఊరేం కాదు. 1904లోనే, నిజాం రోజుల్లో, తెలుగు పుస్తకం చదువుకోవడానికి ఒక చోటుండాలని శ్రీ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం పెట్టుకున్న ఊరది. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం వచ్చిన మూడేళ్ళకే.

నువ్వడిగిన ప్రశ్నకి సూటిగా జవాబు: మానేయక్కర్లేదు. మానేయమని ఎవరన్నా అంటే నా ఉత్తరం చూపించు. కానీ ముందు ఆ ఐదు స్టార్లు సరిచెయ్యి. ఇంట్లో మాట్లాడటం ఆ తర్వాత తేలికవుతుంది, ఎందుకంటే అప్పుడు నీ దగ్గర దాచడానికి ఏమీ ఉండదు.

చివరగా అమ్మ. ‘అసలేముంటుందే ఆ పుస్తకాల్లో’ అని ఆవిడ అడిగింది కోప్పడటానికి కాదేమో. నిజంగానే తెలుసుకోవాలని అడిగి ఉండొచ్చు. నువ్వు ఇంగ్లిష్‌లో చదువుతావు, ఇంగ్లిష్‌లో రాస్తావు. నవ్వుతావు, ఒక్కోసారి ఏడుస్తావు. ఆవిడ వంటింట్లోంచి చూస్తూ ఉంటుంది. నీ 43 రివ్యూల్లో ఒక్కటి కూడా ఆవిడకి అర్థమయ్యే భాషలో లేదు. నలభై నాలుగోది తెలుగులో, నోటితో చెప్పు. కథంతా చెప్పక్కర్లేదు. చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడు పక్కన కూర్చుని, ఒక రాత్రి పుస్తకం మూసేసి లేచి తమ్ముడికి దుప్పటి కప్పానమ్మా అని చెప్పు. ఎందుకే అని అడుగుతుంది. టూత్‌బ్రష్ గురించి అప్పుడు చెప్పు.