సున్నా రాసి ఓడిపోయాను, తప్పు లెక్కదా నాదా?

ప్రశ్న: మా ఎంబీఏ క్లాసులో 40 మందిమి. మొన్న మేడమ్ తలా ఒక చీటీ ఇచ్చి 0 నుంచి 100 లోపు ఏదో ఒక నంబరు రాయమన్నారు. అందరి నంబర్ల సగటు తీసి, అందులో మూడింట రెండు వంతులకు ఎవరిది దగ్గరగా ఉంటే వాళ్లే గెలిచినట్టు. నేను బుర్ర బద్దలుకొట్టుకుని 0 రాశాను. వెనక బెంచీ ముగ్గురు కావాలనే 100 రాశారు. సగటు 28.5 వచ్చింది, 19 రాసినవాడు చాక్లెట్ పట్టుకుపోయాడు. ఊరికే తోచింది రాశాడట! ఇప్పుడు నా పేరు 'జీరో' అయిపోయింది. నా తప్పెక్కడ? వచ్చేవారం మళ్లీ ఆడిస్తారట, ఏం రాయమంటారు?
– ఓ విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: లెక్కలో తప్పేం లేదండీ. అందరూ 100 రాసినా గెలిచే నంబరు 67 దాటదు, కాబట్టి అంతకు మించి రాయడం దండగ. ఆ సంగతి అందరికీ తెలిస్తే ఎవరూ 67 దాటరు, అప్పుడు 45 పైన రాయడమూ దండగే, ఆ తర్వాత 30, ఆ తర్వాత 20... ఇలా దిగుతూ పోతే చివరికి మిగిలేది సున్నా. ఎదుటివాళ్ల ఎత్తు చూసి మన ఎత్తు వేసే లెక్కల శాస్త్రం గేమ్ థియరీలో దీన్నే నాష్ సమతౌల్యం అంటారు, అంటే అందరూ అక్కడికి చేరాక ఏ ఒక్కరూ తన నంబరు మార్చుకుని లాభపడలేని చోటు. కాకపోతే ఈ దిగుడుబావిలో మీరొక్కరే అడుగుదాకా దిగి కూర్చున్నారు, మిగతా క్లాసంతా రెండో మెట్టు మీదే కబుర్లు చెప్పుకుంటోంది.

ఇది మీ క్లాసు గొడవ ఒక్కటే కాదు. రోజ్‌మేరీ నాగెల్ అనే ఆర్థికవేత్త ఇదే ఆటను విద్యార్థులతో ఆడించి 1995లో ఫలితాలు ప్రచురించారు. మొదటి రౌండులో చాలామంది 33, 22 దగ్గరే గుమిగూడారు. జనం తలోటీ రాస్తే సగటు 50, అందులో రెండు వంతులు 33, ఇది ఒక ఆలోచన. మిగతావాళ్లు 33 రాస్తారుగా, మనం 22 రాద్దాం, ఇది ఇంకో ఆలోచన. అక్కడితో సరి. 2005లో డెన్మార్క్ పత్రిక పొలిటికెన్ ఈ పోటీ పెడితే 19,196 మంది ఆడారు, గెలిచే నంబరు 21.6 అయింది. 1997లో ఫైనాన్షియల్ టైమ్స్ పాఠకులు ఆడితే 13. డబ్బు లెక్కల పత్రిక చదివేవాళ్లు ఒకట్రెండు మెట్లు ఎక్కువే దిగారు గానీ, వాళ్లూ అడుగుదాకా పోలేదు.

ఇక మీ వెనక బెంచీ సంగతి. మీ సగటు 28.5 అంటే మొత్తం 1140, అందులో 300 ఆ ముగ్గురిదే. వాళ్లు కూడా మీలాగే 0 రాసి ఉంటే సగటు 21, గెలిచే నంబరు 14. చాక్లెట్ అప్పుడు ఇంకెవరికో పోయేది. అల్లరి కూడా లెక్కలోకి వస్తుంది మరి.

వచ్చేవారం అందరి బుర్రలోనూ 19 తిరుగుతుంటుంది. కొందరు మళ్లీ అదే రాస్తారు, కొందరు అందులో రెండు వంతులు తీసి 13 అంటారు. చెరిసగం అనుకుంటే సగటు 16, గెలుపు 11 దరిదాపుల్లో. నేనైతే 11 రాస్తాను, కానీ ఆ ముగ్గురూ మళ్లీ 100 కొడితే అది 15కి పోతుంది, అందుకని ముందు వాళ్లు క్లాసులో ఉన్నారో క్యాంటీన్‌లో ఉన్నారో చూసుకోండి. ఆడేకొద్దీ నంబర్లు కిందికి జారతాయి (నాగెల్ ఆటల్లోనూ అంతే), మీ సున్నాకు దగ్గరగా వచ్చే రోజూ వస్తుంది, కాకపోతే ఆ రోజు వచ్చే వారమే కాదు.

ఈలోగా ఆ 19 కుర్రాణ్ని ఇదే ఆట ఇద్దరే ఆడదాం రమ్మనండి. ఇద్దరి మధ్య ఆడితే రెండు నంబర్లలో చిన్నదే ఎప్పుడూ గెలుస్తుంది, కాగితం మీద వేసి చూసుకోండి. మీరు 0 రాస్తే వాడు ఏం రాసినా మీరు ఓడరు, మహా అయితే వాడూ 0 రాసి సమానమవుతాడు. పందెం చాక్లెట్టే పెట్టండి.