మీరడిగారు: బ్యాచ్‌లో ఒకరు పోయినప్పుడు

ప్రశ్న: మాది 1974లో ఇంజనీరింగ్ ముగించిన బ్యాచ్. వాట్సాప్ గ్రూపులో 110 మందిమి ఉన్నాం. మొన్న ఒక మిత్రుడు పోయాడని ఎవరో పెట్టారు. నలభై దండాలు పడ్డాక అతనే ఫోన్ చేశాడు, ‘నేనింకా ఉన్నానర్రా’ అని. పోయింది అదే పేరున్న ఇంకొకడు. ఇలా జరగకుండా ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: ఆ తరం బ్యాచ్‌లో ముగ్గురు సత్యనారాయణలు, నలుగురు సుబ్బారావులు ఉండటం మామూలే. ఇంటిపేరు, బ్రాంచి, రోల్ నంబరు, ఉన్న ఊరు, ఈ నాలుగూ లేని చావు వార్త పెట్టకూడదని ముందే చెప్పుకోండి. వార్త పెట్టే పని ఇద్దరికే అప్పగించండి. వాళ్లు ఇంట్లోవాళ్లతోనో, అప్పటికే ఆ ఇంటికి చేరిన మనిషితోనో మాట్లాడాకే పెట్టాలి. ఫార్వర్డు చూసి పెట్టకూడదు. దీనికి అడ్మిన్లు మాత్రమే రాయగలిగే రెండో గ్రూపు ఉంటే మేలు. లేదంటే చావు కబురు కింద గంటకల్లా గులాబీలతో శుభోదయం వచ్చి కూర్చుంటుంది.

అంత్యక్రియల వేళ తొందరపడి రాయకండి. పిల్లలు అమెరికాలో ఉంటే శరీరం ఫ్రీజర్ పెట్టెలో ఉంటుంది, విమానం దిగేదాకా వేళ తేలదు. ఉదయం పదింటికని రాస్తే, మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడేది డెబ్బై దాటిన మీవాళ్లే. జబ్బు పేరు ఇంట్లోవాళ్లు చెప్పమంటేనే రాయండి. హాస్టల్లో అతనితో ఒకే గదిలో ఉన్నవాడికి మాత్రం గ్రూపులో పెట్టే ముందే ఫోన్ చేయండి. అతనికి గుండెజబ్బు ఉంటే అతని భార్యకో కొడుక్కో చెప్పండి.

బ్యాచ్ జాబితాలో ప్రతి పేరు పక్కన ఇంట్లో ఇంకొకరి నంబరు ఉండాలి. చేరిన ఏడు, పాసైన ఏడు రెండూ రాయండి. 1969 తెలంగాణ ఉద్యమం, 1972-73 జై ఆంధ్ర ఉద్యమం వల్ల చదువులు, పరీక్షలు వెనకబడి, కలిసి చేరినవాళ్లు వేరువేరు ఏళ్లలో బయటపడ్డారు. ‘మా బ్యాచే కాదు’ అని వదిలేసిన పేర్లలో మీవాళ్లు దొరుకుతారు.

ప్రశ్న: మా మిత్రుడు పోయాడు. అతని భార్యకు బ్యాంకు పనులు తెలియవు. పిల్లలు పన్నెండో రోజు వెళ్లిపోతున్నారు. స్నేహితులం ఎంతవరకు చేయవచ్చు?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పిల్లలుండగానే మరణ ధ్రువపత్రం సంగతి తేల్చండి. 21 రోజుల్లో నమోదైతే రుసుము లేదు. 30 రోజుల దాకా ఆలస్య రుసుము. 30 దాటితే అధికారి అనుమతి, నెలల తిరుగుడు. ఆసుపత్రిలో పోతే వాళ్లే తెలియజేస్తారు, ఇంట్లో పోతే మనం చెప్పాలి. ఎక్కువగా దెబ్బతీసేది పేరు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, పింఛను పత్రంలో పొడి అక్షరమే ఉంటుంది. నమోదుకు ఇచ్చేముందే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

తర్వాత పింఛను వచ్చే బ్యాంకుకు రాతపూర్వకంగా చెప్పించండి. పోయాక పడిన పింఛను వెనక్కి తీసుకుంటారు కాబట్టి అది ఖర్చు పెట్టకూడదు. ఏటీఎం పిన్ ఆవిడకు తెలిసినా సరే, అతని కార్డుతో డబ్బు తీయవద్దు. వారసుల మధ్య పేచీ వస్తే మొదట అడిగేది అదే. నామినీ ఉన్న ఖాతాకు కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో బ్యాంకు సొమ్ము ఇవ్వాలి. నామినీ అంటే తీసుకునే మనిషి, సొంతదారు కానక్కర్లేదు. ఇది ఆవిడకూ పిల్లలకూ ఒకేసారి చెప్పండి.

మీరు వెంట వెళ్లండి, ఫారాలు చదివి పెట్టండి, ఏ కాగితం ఏ తేదీన ఎవరికిచ్చారో నోటుబుక్కులో రాయండి. ఆమె ఓటీపీ, పాస్‌వర్డు మాత్రం ముట్టవద్దు. నామినీ లేనిచోట మిమ్మల్ని సంతకం అడగవచ్చు. సాక్షి సంతకం వేరు, జామీను సంతకం వేరు. రెండోదానికి మొత్తం ఎంతో చూసి, మీ ఇంట్లో చెప్పి పెట్టండి.

చందాలు ఆవిడను అడగకుండా మొదలుపెట్టకండి, చాలా ఇళ్లలో అది అవమానం. నిజంగా అవసరమైతే సొమ్ము నేరుగా ఆవిడ ఖాతాకే వెళ్లాలి. ‘ఐసీయూలో ఉన్నాను, డబ్బు పంపు’ అని మిత్రుడి నంబరు నుంచి మెసేజి వస్తే, గొంతు వినేదాకా పైసా పంపకండి.

పరామర్శకు మంగళ, శుక్రవారాలు పట్టింపున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి, కనుక్కుని వెళ్లండి. లేచేటప్పుడు ‘వెళ్లొస్తాం’ అనకూడదని మీకు చెప్పక్కర్లేదు. కర్మలయ్యాక మూడో నెలలో ఒకరు ఫోన్ చేసేలా ఇప్పుడే పేరు రాసుకోండి.

ప్రశ్న: పోయినవాడి నంబరు గ్రూపులోంచి తీసేయాలా? తీయడానికి చేయి రావడం లేదు.
- ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వెంటనే వద్దు. బ్యాంకు ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి కాబట్టి పనులయ్యేదాకా రీచార్జి ఆపవద్దని ఇంట్లోవాళ్లకు చెప్పండి. 90 రోజులు వాడకం లేకపోతే నంబరు రద్దయి, తర్వాత వేరొకరికి వెళ్లవచ్చు. ఆలోగా వాళ్లనడిగి తీసేయండి. నంబరు తీసినా అతని పాత మెసేజీలు, ఫొటోలు మీ ఫోన్లలో అలాగే ఉంటాయి. భార్య చేరతానంటే ఆమె నంబరుతో చేర్చుకోండి. ఫేస్‌బుక్‌లో మాత్రం స్మారక ఖాతాగా మార్చమని అడగాలి. అప్పటిదాకా ప్రతి ఏడూ అతని పుట్టినరోజు గుర్తుచేస్తూనే ఉంటుంది, తెలియని వాళ్లు నిండు నూరేళ్లు వర్ధిల్లమని రాస్తూనే ఉంటారు.